దొడ్లో డ్రమ్ము... డాబా మీద పలకలు

సబ్సిడీ అనే మాట చెవిన పడితే చాలు, ఆ పెద్దాయనకు పేడనీళ్ల వాసన గుర్తుకొస్తుంది.

కరీంనగర్‌ మంకమ్మతోటలో ఆయన ఇల్లు. ముప్ఫై ఏళ్లకు పైగా సర్కారు బడుల్లో లెక్కల సారుగా పనిచేసి హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. మానకొండూరు నుంచి మంథని దాకా ఆయన దగ్గర ఎక్కాలు అప్పజెప్పినవాళ్లు ఉన్నారు. కూరగాయల చీటీ వెనక కూడా పెన్సిలుతో కూడికలు వేసుకునే మనిషి. అలాంటాయనకు ఒక్క లెక్క మాత్రం నలభై ఏళ్లుగా గొంతులో ముల్లులా ఉండిపోయింది. అది గోబర్‌ గ్యాస్‌ లెక్క.

కేంద్ర ప్రభుత్వం 1981-82లో జాతీయ బయోగ్యాస్‌ పథకం మొదలుపెట్టాక ఊరూరా గోబర్‌ గ్యాస్‌ గుంతలు తవ్వారు. ఆయన తండ్రి కూడా దొడ్లో ఒకటి కట్టించాడు. రెండు ఘనపు మీటర్ల ప్లాంటు. దానికి రోజుకు యాభై కిలోల పేడ కావాలి. ఇంట్లో అప్పుడు రెండు ఎడ్లు, మూడు బర్రెలు. పేడకు కొదవేముంది? ఇటుకలతో బావిలాంటి గుంత, దాని మీద బోర్లించిన ఇనుప డ్రమ్ము. గ్యాస్‌ పుడితే డ్రమ్ము పైకి లేస్తుంది, వాడితే దిగుతుంది. పిల్లలకు అదో వింత. కొంత సబ్సిడీ, కొంత బ్యాంకు అప్పు. ఆ సబ్సిడీలో ఇంటిదాకా వచ్చిందెంత, దారిలో దిగిపోయిందెంత అన్నది వేరే కథ. మధ్యలో పని చేసిపెట్టిన మనిషి తన వాటా తాను తీసుకున్నాడని మాత్రం చెప్పుకుంటే చాలు.

ఆరేళ్లు నడిచింది. తర్వాత డ్రమ్ముకు తుప్పు పట్టి చిల్లి పడింది. వెల్డింగు చేసేవాడు పట్నం నుంచి రావాలి. రెండుసార్లు వచ్చాడు, మూడోసారి రాలేదు. ఈలోగా ఊళ్లోకి ట్రాక్టరు వచ్చింది. ఎడ్లు పోయాయి. అన్నదమ్ములు వేరుపడ్డాక బర్రెలు కూడా పంచుకున్నారు. పేడే లేనప్పుడు గ్యాస్‌ ఎక్కడిది? డ్రమ్ము పాత ఇనుప సామానువాడి బండెక్కింది. గుంత మిగిలింది, అప్పు మిగిలింది. చివరి వాయిదాలు మాస్టారే తన జీతంలోంచి కట్టారు. ఆ రోజు నోటుబుక్కులో 'నష్టం' అని రాసి కింద రెండు గీతలు గీశారట. ఆ తర్వాత సర్కారు ఏ వస్తువు సగం ధరకు ఇస్తానన్నా ఆయన వెళ్లలేదు. సోలార్‌ కుక్కరు పెట్టెలు వచ్చినప్పుడు తోటి టీచర్లు కొనుక్కున్నారు. ఈయన దూరం నుంచి చూసి ఊరుకున్నారు.

అందుకే 2024 ఫిబ్రవరి 13న ప్రధానమంత్రి సూర్యఘర్‌ పథకం ప్రకటించారని టీవీలో వచ్చినప్పుడు ఆయన చానెల్‌ మార్చేశారు. కోటి ఇళ్ల మీద సోలార్‌ పలకలు, 75,021 కోట్ల రూపాయల ఖర్చు, 2026-27 దాకా పథకం... పెద్ద పెద్ద అంకెలు. అదే నెల 27న రాష్ట్ర ప్రభుత్వం గృహజ్యోతి మొదలుపెట్టింది. తెల్ల రేషన్‌ కార్డుండి నెలకు 200 యూనిట్ల లోపు వాడే ఇంటికి బిల్లు సున్నా. కింది వాటాలో అద్దెకున్న కుటుంబానికి మార్చిలో సున్నా బిల్లు వచ్చింది. ఆ ఇంటావిడ చీటీ తెచ్చి మురిపెంగా చూపించింది. పై వాటాలో ఉన్న మాస్టారుకు పింఛను ఉంది కాబట్టి ఆ భాగ్యం లేదు. రెండు ఫ్యాన్లు, ఫ్రిజ్‌, వేసవిలో ఏసీ, నీళ్ల మోటారు. సగటున నెలకు 330 యూనిట్లు.

ఒకే నెలలో రెండు ప్రభుత్వాలు కరెంటు బిల్లు లేకుండా చేస్తామన్నాయి. ఒకటి బిల్లే మాఫీ చేస్తానంది, రెండోది కరెంటు నువ్వే తయారుచేసుకో, సాయం చేస్తానంది. మొదటిది దొరికిన ఇంటికి రెండోదానితో పనేముంటుంది? 200 యూనిట్ల లోపు వాడే ఇల్లు డాబా మీద లక్షలు పోసి పలకలు బిగించుకుంటుందా? ఆ లెక్క ఏ ఇంటి ఇల్లాలినడిగినా చెబుతుంది. అలా ఈ సోలార్‌ సంగతి 200 దాటిన వాళ్ల సంగతైపోయింది.

మాస్టారు మాత్రం మొదట్లో దాని జోలికే పోలేదు. కదిపింది కొడుకు. టెక్సాస్‌లో ఉంటాడు. ఆదివారం ఉదయం వీడియో కాల్‌లో "బాపూ, నేను 2023ల మా ఇంటి మీద పెట్టించిన. గవర్నమెంటు 30 పర్సెంటు వెనక్కి ఇచ్చింది. మీరు గూడ పెట్టించున్రి" అన్నాడు. మాస్టారు వెంటనే అడిగిన ప్రశ్న, "ఇచ్చిందంటే? చెక్కు ఇచ్చిన్రా?" అని. కాదట. అక్కడ సోలార్‌కు పెట్టిన ఖర్చులో 30 శాతాన్ని కట్టాల్సిన ఆదాయపు పన్నులోంచి తగ్గిస్తారు. రాయితీ కాదు, పన్ను మినహాయింపు కూడా కాదు. పన్నులోనే కోత. కట్టాల్సిన పన్ను ఆ ఏడాది తక్కువైతే మిగిలింది వచ్చే ఏడాదికి జరుగుతుంది. మొత్తానికే పన్ను కట్టనివాడికి దానివల్ల ఏమీ రాదు.

"అంటే పన్ను గట్టేటోనికే ఇస్తరు. లేనోనికి లేదు" అన్నారు మాస్టారు.

"అంతే బాపూ."

ఆ మాట ఆయన్ను వదల్లేదు. మన దగ్గర ఇలాంటిదేమైనా ఉందా అని కనుక్కున్నారు. పాత శిష్యుడొకడు ఆడిటరు. ఇంటి మీద సోలార్‌ పెట్టుకున్న ఉద్యోగికో పింఛనుదారుకో ఆదాయపు పన్నులో అలాంటి కోత ఏదీ లేదన్నాడు. వ్యాపారానికైతే ఉంది. కరీంనగర్‌ చుట్టుపక్కల బియ్యం మిల్లు యజమాని మిల్లు మీద పలకలు పెట్టించుకుంటే వాటి విలువలో ఏడాదికి 40 శాతం చొప్పున తరుగుదల చూపించి పన్ను తగ్గించుకోవచ్చు. ఒకప్పుడు అది 80 శాతం. 2017 ఏప్రిల్‌ నుంచి 40కి దించారు. ఇంటివాళ్లకు మాత్రం నేరుగా సబ్సిడీ. రెండు కిలోవాట్ల దాకా కిలోవాటుకు 30 వేలు, మూడోదానికి 18 వేలు. మూడు కిలోవాట్లు పెట్టుకుంటే 78 వేలు. అంతకుమించి ఎంత పెద్దది పెట్టుకున్నా 78 వేలే. పన్ను కట్టేవాడా కాదా అన్న ప్రశ్న లేదు. డాబా ఉండాలి, కరెంటు కనెక్షన్‌ ఉండాలి, ముందుగా పెట్టడానికి చేతిలో పైసలుండాలి. ఆ మూడోది చిన్న సంగతేం కాదు. తనఖా లేకుండా రెండు లక్షల దాకా బ్యాంకులు అప్పిస్తాయని చెప్పారు. ఏడు పదులు దాటిన మాస్టారుకు అప్పు అన్న మాటే గిట్టదు.

నోటుబుక్కు మళ్లీ తెరుచుకుంది. మూడు కిలోవాట్లకు సుమారు రెండు లక్షలు. సబ్సిడీ పోను లక్షా ఇరవై రెండు వేలు. కిలోవాటుకు రోజుకు నాలుగు యూనిట్లన్న మాటను ఆయన నమ్మలేదు, సగటున మూడున్నర వేసుకున్నారు. నెలకు 315. రాష్ట్రంలో 2022లో వచ్చిన ధరల ప్రకారం 330 యూనిట్లకు మొదటి 200 యూనిట్లు 5.10 చొప్పున 1,020, తర్వాతి వంద 7.70 చొప్పున 770, మిగిలిన ముప్ఫై 9 చొప్పున 270. మొత్తం 2,060. పైన స్థిర చార్జీలు సరేసరి. సోలార్‌ వస్తే ముందు కోసుకుపోయేది పైనున్న ఖరీదైన యూనిట్లనే. ఎలా వేసినా అయిదారేళ్లలో పెట్టుబడి తిరిగొస్తోంది. ఫిక్స్‌డ్‌ డిపాజిట్‌ వడ్డీ పోయిందని ఇంకో ఏడాది కలిపారు. ఎప్పుడో ఒకసారి ఇన్వర్టరు మార్చాల్సి వస్తుందని మరికొంత కలిపారు. అయినా లాభమే. పలకలకు పాతికేళ్ల వారంటీ అని రాసి ఉంటే, తన వయసుకు పాతిక కలిపి చూసుకుని పెన్సిలు కింద పెట్టేశారు.

ఇన్ని లెక్కలు వేసినా చివరికి "వద్దులే" అన్నారు. ఎందుకంటే గోబర్‌ గ్యాస్‌ కూడా కాగితం మీద లాభమే చూపించింది మరి.

అంతలో గోదావరిఖని నుంచి బామ్మర్ది వచ్చాడు. సింగరేణి భూగర్భ గనుల్లో తట్టా చెమ్మస్‌తో మొదలుపెట్టి సర్వీసంతా బొగ్గులోనే గడిపినవాడు. విషయం విని పకపకా నవ్వాడు. "ఏంది బావా, ఇంటిపక్కన ఎన్టీపీసీ 2,600 మెగావాట్లు తీస్తాంటే నువ్వు స్లాబు మీద మూడు కిలోవాట్లు తీస్తవా?" అన్నాడు. మళ్లీ తనే, "అయినా ఎన్టీపీసోళ్లే చెరువు మీద పలకలు పరిచిన్రు గదా" అన్నాడు. నిజమే. రామగుండం జలాశయం మీద తేలే సోలార్‌ కేంద్రం 100 మెగావాట్లతో 2022 జులై నాటికి పూర్తిస్థాయిలో మొదలైంది. సింగరేణి కూడా తన ఖాళీ జాగాల్లో పలకలు వేసుకుంది. బొగ్గు తవ్వేవాళ్లే ఎండను కూడా తవ్వుకుంటుంటే ఇంక మాట్లాడేదేముంది!

మాస్టారు మెత్తబడలేదు. "బాపు గోబర్‌ గ్యాస్‌ పెట్టిచ్చిండు. ఏమొచ్చింది? గుంత మిగిలింది" అన్నారు. ఈ మాట ఆ ఇంట్లో నలభై ఏళ్లుగా సామెతలా నడుస్తోంది.

వంటింట్లోంచి ఆమె బయటికొచ్చింది. చేతిలో చాయ గ్లాసులు. సిరిసిల్ల బిడ్డ. పెళ్లయి అత్తారింటికి వచ్చేసరికి దొడ్లో డ్రమ్ము కొత్తది.

"ఏమొచ్చిందో మీకేం ఎరుక?" అంది. "మీరు పొద్దుగాల బడికి పోయి పొద్దుమీకి వచ్చేటోళ్లు. పొయ్యి కాడ ఎన్నడన్న కూసున్నరా? అత్తమ్మకు పొగకు కండ్లు నీళ్లు గారుతుండె. గ్యాసు వచ్చినంక ఆరేండ్లు ఆమె కండ్లు తుడుసుకోలే. నేను సూలుతోని ఉన్నప్పుడు కట్టెలకు పోలే. ఆ డ్రమ్ము పోయిన నాడు అత్తమ్మ ఎంత ఏడ్సిందో మీ బుక్కుల రాసిన్రా?"

ఎవరూ మాట్లాడలేదు. బామ్మర్ది చాయ తాగుతూ అక్క వైపే చూశాడు. మాస్టారు నోటుబుక్కులో ఖర్చు ఉంది, సబ్సిడీ ఉంది, వాయిదాలు ఉన్నాయి, డ్రమ్ము అమ్మితే వచ్చిన పైసలు కూడా ఉన్నాయి. పొయ్యి ముందు కూర్చున్న మనిషికి మాత్రం ఒక గడి లేదు.

మర్నాడు ఆయన బ్యాంకుకు వెళ్లి డిపాజిట్‌ తీశారు.

అసలు తిప్పలు అప్పుడు మొదలయ్యాయి. ఫోన్లో జాతీయ పోర్టల్‌ తెరిచి, మన ఉత్తర డిస్కం పేరు ఎంచుకుని, సర్వీసు నంబరు కొడితే తండ్రి పేరు వచ్చింది. ఇల్లు కట్టినప్పుడు పెద్దమనిషి పేరు మీద తీసుకున్న మీటరు, ఆయన పోయి ఇరవై ఏళ్లయినా అదే పేరుతో తిరుగుతోంది. బిల్లు కడుతున్నంత కాలం ఎవరికీ పట్టని పేరు అది. సబ్సిడీ కావాలంటే మాత్రం కనెక్షన్‌ పేరు, బ్యాంకు ఖాతా పేరు కలవాలి. మరణ ధ్రువపత్రం, వారసుల సంతకాలు, ఇంటి పన్ను రసీదు. వేరుపడ్డ తమ్ముడి సంతకం కోసం ఊరికి పోవాల్సి వచ్చింది. ఏళ్ల తర్వాత ఆ ఇంట్లో భోజనం చేశారు. సోలార్‌ పెట్టాలనుకునేవాళ్లు ముందు మీటరు ఎవరి పేరున ఉందో చూసుకుంటే ఒక నెల కలిసొస్తుంది.

తర్వాత వచ్చిన కుర్రాడు చురుకైనవాడే. "సార్‌, విదేశీ పలకలైతే ఇంకా తక్కువలో వస్తయి" అన్నాడు. సబ్సిడీ మాటేమిటని అడిగితే నసిగాడు. మన దేశంలో తయారైన సెల్స్‌ ఉన్న పలకలకే సబ్సిడీ. ఆ ముక్క మాస్టారు ముందే చదివి పెట్టుకున్నారు.

డాబా మీద ఎవరికెంత జాగా అన్నది పెద్ద పంచాయితీ అయింది. మూడు కిలోవాట్లకు సుమారు 300 చదరపు అడుగులు కావాలి. అదీ నీడ పడని చోట, దక్షిణం వైపు వాలుగా. ఆమె మిరపకాయలు, వడియాలు, చింతపండు ఎండబెట్టుకునేది సరిగ్గా అక్కడే. "సూర్యుడు మీకొక్కరికే కాదు" అంది. చివరికి ఇనుప కాళ్లు ఎత్తుగా వేయించి, తూర్పు సగం ఆమెకు వదిలేశారు. ఎత్తు పెంచినందుకు అదనపు ఖర్చు. అది కూడా నోటుబుక్కులో ఎక్కింది, 'వడియాలు' అన్న పద్దు కింద.

ఇక కోతులు. కరీంనగర్‌లో కాపురమున్నవాళ్లకు వాటి గురించి చెప్పక్కర్లేదు. నీళ్ల ట్యాంకు మూతలు తీస్తాయి, డిష్‌ తీగలు పీకుతాయి, కేబుళ్లతో ఉయ్యాలలూగుతాయి. తీగలన్నీ పైపుల్లోంచి పోనిచ్చి, ఇన్వర్టరును మెట్ల గదిలో జాలీ వెనక బిగించారు. పలకల మీద కూర్చోకుండా ఆపడం మాత్రం ఎవరి వల్లా కాలేదు. పైగా గ్రానైటు లారీలు తిరిగే ఊరు. పది రోజులు తుడవకపోతే పలకల మీద వేలితో పేరు రాయొచ్చు.

2025 ఫిబ్రవరి చివర్లో మీటరు మారింది. వచ్చిన కరెంటు, పోయిన కరెంటు రెండూ చూపించే నెట్‌ మీటరు. పగలు ఇంట్లో వాడగా మిగిలింది లైనులోకి పోతుంది, రాత్రికి అక్కడి నుంచి వస్తుంది. తేడాకే బిల్లు. ఎక్కువ పంపితే తర్వాతి నెల లెక్కలో జమ. మాస్టారు రోజూ సాయంత్రం మీటరు ముందు నిలబడి అంకెలు రాసుకోవడం మొదలుపెట్టారు. మార్చిలో ఒకరోజు 14 యూనిట్లు. మేలో ఇంకా పెరుగుతుందనుకున్నారు. పెరగలేదు సరికదా కాస్త తగ్గింది. పలకకు కావాల్సింది వెలుతురు, వేడి కాదు. 25 డిగ్రీలు దాటాక పలక వేడెక్కే ఒక్కో డిగ్రీకి ఉత్పత్తి 0.3 నుంచి 0.4 శాతం దాకా తగ్గుతుంది. మన ఎండాకాలంలో ఆ పలక మీద చెయ్యి పెట్టగలమా? లెక్కల సారుకు ఈ సైన్సు సంగతి తెలిసి ముచ్చటపడ్డారు. చలి వణికించే ఆదిలాబాద్‌ జిల్లాలో శీతాకాలపు ఎండ కూడా అందుకే పలకకు పనికొచ్చే ఎండే.

అదే మేలో ఒక మధ్యాహ్నం గాలిదుమారం లేచి కరెంటు పోయింది. దుమారం తగ్గింది, ఎండ మళ్లీ ఫెళ్లుమంది. ఫ్యాన్‌ మాత్రం తిరగలేదు. ఆమె డాబా మీదికి చూసి, "గంత ఎండ ఉండె, గన్ని పలకలు ఉండె, మరి ఇదేంది?" అంది. మాస్టారు దగ్గర జవాబు లేదు. కుర్రాడికి ఫోన్‌ చేస్తే అప్పుడు చెప్పాడు. లైనులో కరెంటు పోతే ఇన్వర్టరు తనంతట తానే ఆగిపోతుంది. లేకపోతే ఇంటి నుంచి లైనులోకి పోయే కరెంటు, స్తంభం ఎక్కి మరమ్మతు చేస్తున్న లైన్‌మన్‌ ప్రాణం తీస్తుంది. పోయినప్పుడు కూడా కావాలంటే బ్యాటరీలుండాలి, వాటి ఖర్చు వేరు. ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదని మాస్టారు కోప్పడ్డారు. "మీరు అడగలే సార్‌" అన్నాడు. ఆమె విసనకర్ర అందుకుంది. ఆ పూట మాత్రం నలభై ఏళ్ల నాటి సామెత మళ్లీ వినపడుతుందేమోనని ఇంట్లో అందరూ ఎదురుచూశారు. ఆయన అనలేదు.

సబ్సిడీ అప్పటికే వచ్చింది. ఫోన్లో మెసేజి. 78,000. మధ్యలో ఎవరి చెయ్యీ పడకుండా నేరుగా ఖాతాలోకి. మాస్టారు పాసుపుస్తకం ముద్ర వేయించుకొచ్చి ఆ వరసను ఆమెకు చూపించారు. తండ్రికి దారిలో దిగిపోయిన పైసలు గుర్తుకొచ్చాయో ఏమో, కాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నారు.

ఆ జులైలో కొడుకు ఫోన్‌ చేశాడు. అమెరికాలో 2025 జులై 4న కొత్త చట్టం వచ్చింది, 2032 దాకా పూర్తిగా ఉంటుందన్న 30 శాతం కోత ఆ డిసెంబరు 31 తర్వాత పెట్టే ఖర్చుకు ఇక ఉండదు. వాడి పక్కింటివాళ్లు ఉరుకులు పరుగుల మీద ఉన్నారట. "సర్కారు ఇచ్చేది ఎక్కడైనా గంతే బిడ్డా. ఇచ్చినప్పుడు తీసుకోవాలె, పోయినా నిలబడేటట్టు పెట్టుకోవాలె" అన్నారు మాస్టారు. తుప్పు పట్టిన డ్రమ్ము ఆయనకు నేర్పిన పాఠం అదొక్కటే.

ఉట్నూరు వైపు ఆశ్రమ పాఠశాలలో టీచరుగా ఉన్న కూతురు పండక్కి వచ్చినప్పుడు పలకల కింద కుర్చీ వేసుకుని కూర్చుంది. "మా బడి పిల్లల ఇండ్లకు స్లాబెక్కడిది బాపూ, ఇది బిగిద్దామంటే?" అంది. డాబా ఉన్నవాడికి 78 వేలు. గూన పెంకుల ఇల్లున్న కొలాం కుటుంబానికి? వాళ్లకు వేరే పథకం ఉంది. పీఎం జన్‌మన్‌ కింద, లైను చేరని ఆదిమ తెగల ఇళ్లకు 0.3 కిలోవాట్ల సోలార్‌, ఇంటికి 50 వేల దాకా ఖర్చు. ఒక ఫ్యాను, నాలుగు బల్బులు నడిచే పాటి. రిపేరుకొస్తే గుట్టలెక్కి ఎవరు వెళతారు? మాస్టారు అడిగిన ప్రశ్న అదే. వెల్డింగువాడు మూడోసారి రాని సంగతి ఆయన మరిచిపోయే రకం కాదు. కూతురు దగ్గర జవాబు లేదు.

ఈమధ్య ఆమె ఒక ఇండక్షన్‌ పొయ్యి కొనిపించింది. పది గంటల తర్వాత, ఎండ బాగా ఎక్కాక పప్పు దాని మీదే పెడుతుంది. సిలిండరు ఎన్ని రోజులు వచ్చిందో మాస్టారు రాసుకుంటున్నారు. కొత్త నోటుబుక్కు అది. అందులో కుడివైపు చివర ఒక గడి గీసి, పైన ఏమీ రాయకుండా వదిలేశారు. ఏమిటది అని మనవరాలు అడిగితే, "నాయనమ్మ నింపుతది" అన్నారు. ఆమె ఇప్పటిదాకా ఏమీ రాయలేదు. ఆదివారం పొద్దున్నే ఆయన పైపు, మెత్తటి గుడ్డ పట్టుకుని పలకలు కడగడానికి మెట్లెక్కుతుంటే మాత్రం వెనకాలే కర్ర పట్టుకుని వస్తుంది. కోతులు ఆయన మాట వినవు.